కో హా గుహలోకి దిగొచ్చా? తొమ్మిది డైవ్‌ల అనుభవం చాలుతుందా?

పట్టుదారం | బరంపురం | జనవరి 11, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేనూ మా ఆయనా ఫిబ్రవరి ఆఖరి వారంలో థాయ్‌లాండ్‌లోని కో లంటా దీవికి వెళ్తున్నాం. కోల్‌కతా మీదుగా టికెట్లు కూడా అయిపోయాయి. పోయిన ఏడాది అండమాన్‌లో ఓపెన్ వాటర్ అని స్కూబా డైవింగ్ మొదటి కోర్సు చేశాం. నావి మొత్తం తొమ్మిది డైవ్‌లు, ఆయనవి ఏడు.

అక్కడి డైవ్ షాపుకి మెసేజ్ పెడితే కో హా అనే చోటికి తీసుకెళ్తామన్నారు. నడిసముద్రంలో నిటారుగా లేచిన అయిదు సున్నపురాయి దీవులట. థాయ్ భాషలో 'హా' అంటే అయిదు. పెద్ద దీవి అడుగున గుహ ఉంది, దాన్ని కెథడ్రల్ అంటారు. ఇంకో దీవి దగ్గర చిమ్నీ అని, రాతిలో కింది నుంచి పైకి గొట్టంలాంటి దారి ఉందట. మాకు తొమ్మిది, ఏడు డైవ్‌లే అంటే "నో ప్రాబ్లమ్" అని ఒక నవ్వు బొమ్మ పంపించారు.

ఆ నో ప్రాబ్లమ్ దగ్గరే నాకు టెన్షన్. నెత్తి మీద కప్పు ఉన్న చోటికి వెళ్లొద్దని కోర్సులో మా ఇన్‌స్ట్రక్టర్ ఒకటికి పదిసార్లు చెప్పింది. ఇప్పుడు ఎవరి మాట వినాలి? దిగినవాళ్లు ఉంటే చెప్పండి. ఇంట్లో ఇంకా చెప్పలేదు. గోపాలపూర్‌లో మోకాళ్ల లోతు దిగితేనే మా అమ్మ ఒడ్డు మీంచి కేకలు పెడుతుంది.

ఛత్రపురం_పిన్ని | ఛత్రపురం | జనవరి 11, రాత్రి 10:05

మీ అమ్మ కేకలు సబబేనమ్మా. గుహ చూడాలనుంటే మన కొరాపుట్ వైపు గుప్తేశ్వరం ఉంది, రైలెక్కితే బొర్రా ఉంది. నడిచి లోపలికెళ్లి నడిచి బయటికొస్తాం. నీళ్ల కింద గుహ ఏటి, నాకు తెలీక అడుగుతున్నాను. దిగావనుకో, అక్కడ ఏం కనిపిస్తుంది?

లెక్కల_మాస్టారు | పర్లాకిమిడి | జనవరి 12, ఉదయం 6:15

నేను డైవింగ్ చేసినవాణ్ని కాదు, రిటైరైన లెక్కల టీచర్ని. కానీ ఇది లెక్కతో తేలే విషయమే. సిలిండర్‌లో 2,200 లీటర్ల గాలి పడుతుందని చదివాను. మనిషికి నిమిషానికి 20 లీటర్లు అనుకుంటే 110 నిమిషాలు. సగం వెళ్లడానికి, సగం రావడానికి. అంటే 55 నిమిషాలు లోపలికి వెళ్లినా పర్వాలేదు. భయపడాల్సింది ఏముంది?

కెరటం_పిల్లోడు | గోపాలపూర్, ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ | జనవరి 12, మధ్యాహ్నం 1:30

మాస్టారూ, మీ లెక్క ప్రకారం దిగితే అక్క బయటికి రాదు. కోప్పడకండి, ఒక్కొక్కటే చెప్తాను.

నేను గోపాలపూర్ నోలియా (జాలరి) పిల్లోణ్ని. ఏడేళ్లుగా అండమాన్‌లో డైవ్ మాస్టర్ పని. రెండు సీజన్ల కిందట కో హా వెళ్లి డబ్బు కట్టి దిగాను, అందుకే రాస్తున్నాను.

మీ 2,200 కరెక్టే. 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడికి గాలి నింపుతారు. 20 లీటర్లు కూడా కరెక్టే, కానీ అది ఒడ్డు మీద. నీళ్లలో ప్రతి 10 మీటర్లకీ ఒక వాతావరణపు ఒత్తిడి పెరుగుతుంది. 16 మీటర్ల లోతులో 2.6 రెట్లు. అంటే నిమిషానికి 20 కాదు, 52 లీటర్లు ఖర్చు. సిలిండర్ మొత్తం 42 నిమిషాలే. కొత్తవాళ్లు, అందులో చీకటి చూసి గుండె దడదడలాడేవాళ్లు నిమిషానికి 30 పీలుస్తారు. వాళ్లకి 78 లీటర్లు, అంటే అరగంట కూడా రాదు.

ఇంక సగం-సగం. గుహల్లోకి వెళ్లేవాళ్లు సగం లెక్క వాడరు, మూడో వంతు లెక్క వాడతారు. మూడో వంతు అయ్యేసరికి వెనక్కి తిరగాలి. ఎందుకో చూడండి. ఇద్దరం లోపలికెళ్లాం, చెరో మూడో వంతు అయ్యింది. సరిగ్గా ఆ చివర, సిలిండర్ గాలిని నోటికి అందించే నా రెగ్యులేటర్ పాడై గాలంతా పోయిందనుకోండి. అక్క దగ్గర రెండు వంతులు ఉంటాయి. తను బయటికి రావడానికి ఒక వంతు, నేను తన రెండో రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని రావడానికి ఒక వంతు. సరిపోయింది. సగం లెక్కతో వెళ్లుంటే అదే సమయానికి అక్క దగ్గర తనొక్కదానికి సరిపడా గాలే ఉండేది. మూడో వంతులో కూడా కంగారుకి, దారి తప్పడానికి వాటా లేదు. 16 మీటర్లలో 20 లీటర్ల మనిషికి అది 14 నిమిషాలు, 30 లీటర్ల మనిషికి 9.

ఇప్పుడు అసలు ప్రశ్న. మీ ఇన్‌స్ట్రక్టర్ చెప్పిందీ నిజమే, షాపు చెప్పిందీ పూర్తి అబద్ధం కాదు. మన భాషలో అన్నిటినీ గుహ అనేస్తాం. పనిలో ఉన్నవాళ్లకి మూడు వేరువేరు. ఈ కొస నుంచి ఆ కొస వెలుతురు కనిపించే చిన్న దారిని స్విమ్ త్రూ అంటాం. పెద్ద నోరుండి, ఎక్కణ్నుంచి తిరిగి చూసినా పగటి వెలుగు కనిపించేది కేవర్న్. నీటి పైభాగం నుంచి లోతూ దూరమూ కలిపి 40 మీటర్లు దాటకూడదన్నది దానికి గీసిన గీత. వెలుగు పోయిందా, అది కేవ్. దానికి కోర్సు వేరు, సామాను వేరు, మనుషులే వేరు. నేను ఏడేళ్ల నుంచి ఇదే పనిలో ఉన్నాను, నేనూ పోను.

కెథడ్రల్ కేవర్న్. నోరు పెద్దది, లోపలి నుంచి తిరిగి చూస్తే నీలం కిటికీలా ఉంటుంది. సముద్రం నిమ్మళంగా ఉండి, మీ ఇద్దరికీ ఒక గైడ్ ఉంటే ఆ నీలం కనిపించినంత మేర చూసి రండి. చిమ్నీ మాత్రం ఈసారికి వద్దు.

ఛత్రపురం_పిన్ని | జనవరి 12, మధ్యాహ్నం 2:10

బాబూ, చిమ్నీ ఎందుకు వద్దు? అది పైకే కదా వెళ్తుంది. పైకి రావడం మంచిదే కదా?

కెరటం_పిల్లోడు | జనవరి 12, రాత్రి 8:45

పిన్నీ, అందరూ అలాగే అనుకుంటారు. మేం వేసుకునే జాకెట్‌లో కొంచెం గాలి ఉంటుంది. పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి ఆ గాలి ఉబ్బుతుంది, ఉబ్బినకొద్దీ మనిషిని ఇంకా పైకి లాగుతుంది. బయటైతే ఒక పక్కకి జరిగి గాలి వదులుకోవచ్చు. గొట్టంలో పక్కకి జరిగే చోటు లేదు. ముందున్నవాడి కాలి రెక్కలు (ఫిన్స్) నీ మొహం మీద, నీ సిలిండర్ రాతికి టంగుటంగుమని. ఆ కంగారులో కొత్తవాళ్లు ఊపిరి బిగబడతారు. అది అన్నిటికన్నా ప్రమాదం. 10 మీటర్ల లోతులో నిండా పీల్చిన ఊపిరి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది, ఊపిరితిత్తులు చిరుగుతాయి. అందుకే మొదటి రోజు మొదటి పాఠం ఊపిరి ఎప్పుడూ బిగబట్టొద్దని.

మా తాత మాస్కు కూడా లేకుండా తెప్ప మీంచి దూకి, బండలకి చిక్కిన వల విడిపించి వచ్చేవాడు. ఆయన పైన పీల్చిన ఊపిరితోనే దిగి దాంతోనే వచ్చేవాడు, అది చిరగదు. మేం కింద పీలుస్తాం, తేడా అదే. నేను ఇదంతా చెప్తే "గాలి మోసుకుని నీళ్లలోకి పోవడమేటిరా" అని నవ్వాడు.

బల్లార్షా_బుల్లోడు | బల్లార్‌పూర్ | జనవరి 12, రాత్రి 9:20

ఊరికే భయపెట్టేస్తున్నారు. నేను మాల్వణ్‌లో స్కూబా చేశాను, ఏమీ కాలేదు. కెథడ్రల్ వీడియోలు వందలున్నాయి, అందరూ చేతులూపుకుంటూ వెళ్తున్నారు. పక్కన గైడ్ ఉండగా మనకెందుకు లెక్కలు? డబ్బులిచ్చేది అందుకే కదా.

కెరటం_పిల్లోడు | జనవరి 12, రాత్రి 9:50

అన్నా, మాల్వణ్‌లో ఎన్ని డైవ్‌లు?

బల్లార్షా_బుల్లోడు | జనవరి 12, రాత్రి 9:58

ఒకటి. వెనక ఒకాయన పట్టుకున్నాడనుకో.

రాయగడ_ప్యాసింజర్ | రాయగడ | జనవరి 13, ఉదయం 7:30

గైడ్ ఉన్నాడు కదా అన్నదానికి నా కథ చెప్తాను. ఊరి పేరూ షాపు పేరూ రాయను.

మూడేళ్లయింది. అప్పటికి నాకు పద్నాలుగు డైవ్‌లు. అయిదుగురం, ఒక గైడ్. దిగే ముందు గుహ మాటే ఎత్తలేదు. పగడాల గోడ వెంట వెళ్తుంటే కింద ఒక బొరియ, మన వీధి అరుగు కింద ఉండేంత ఎత్తు. గైడ్ వేలు చూపించి దూరాడు. వెనకే ఇద్దరు, తర్వాత నేను. అడగడానికి నోట్లో రెగ్యులేటర్, తిరగడానికి వెనక ఇంకో ఇద్దరు. మందలో మేకలా నేనూ దూరాను.

నా ముందున్నాయన సైకిల్ తొక్కినట్టు కాళ్లాడించాడు. అడుగున పేరుకున్నది ఇసుక కాదు, మెత్తని బూడిదలాంటి మడ్డి. నాలుగు తన్నులకి కుండలో పిండి కలిపినట్టయింది. నా చెయ్యి నాకు కనిపించలేదు. టార్చ్ ఒక్క గైడ్‌కే ఉంది. ఎంత గాలి ఉందో చూపించే గేజ్ ముక్కుకి ఆనించుకుంటే ఆకుపచ్చగా అంకెలు మెరుస్తున్నాయి, 90 అని. కాసేపటికి చూస్తే 70. కదలకుండానే 20 బార్ పీల్చేశాను. ఎటు పైనో ఎటు కిందో తెలీదు. నా బుడగలు చెంప పక్క నుంచి పాకుతుంటే అటు పైన అనుకున్నాను. గోడ పట్టుకుందామని చెయ్యి చాపితే సముద్రపు ముళ్లకాయ మీద పడింది, మూడు ముళ్లు అరచేతిలో విరిగాయి.

ఎవరో నా కాలు పట్టి వెనక్కి లాగారు. ఆఖరున వచ్చిన డచ్ ఆవిడ. అసలు లోపలికే రాలేదట. "నాకు నచ్చలేదు, బయటే ఉన్నాను" అంది పడవలో. పైకొచ్చేసరికి నా గేజ్ 40. గైడ్ నవ్వుతూ "నీళ్లలో అంతే బ్రదర్" అన్నాడు. ముళ్లు రెండు వారాలు ఉన్నాయి.

మాకు ఒక తాడు లేదు, తలో టార్చ్ లేదు, ఎంత గాలికి తిరగాలో మాట లేదు. ఇవన్నీ గైడ్ తప్పులే. లోపలికి ఈదింది మాత్రం నా కాళ్లే.

కెరటం_పిల్లోడు | జనవరి 13, ఉదయం 11:00

అన్నా, ఆ మడ్డి లేవడాన్నే మేం సిల్ట్ అవుట్ అంటాం. అది సర్దుకోవడానికి గంటలు పడుతుంది. అందుకే గుహ డైవర్లు నోటి దగ్గర నుంచి తాడు కట్టుకుంటూ వెళ్తారు. కళ్లు పనిచేయకపోయినా వేళ్లతో తాడు పట్టుకుని వచ్చెయ్యొచ్చు. షెక్ ఎక్స్‌లీ అని అమెరికా గుహ డైవర్, 1970ల్లో అక్కడి గుహల్లో పోయినవాళ్ల ప్రమాదాలన్నీ ఏరి చూశాడు. మళ్లీ మళ్లీ తేలినవి అవే: బయటికి తాడు లేకపోవడం, తిరుగుదారికి గాలి మిగల్చకపోవడం, మరీ లోతుకి పోవడం. ట్రైనింగ్ లేకపోవడం, టార్చ్‌లు చాలకపోవడం తర్వాత చేర్చారు. తలో మూడు టార్చ్‌లు అన్నది అక్కణ్నుంచే వచ్చింది. అంత తెలిసిన ఎక్స్‌లీ కూడా 1994లో మెక్సికోలోని ఒక లోతైన నీటి బిలంలోనే పోయాడు.

బల్లార్షా అన్నా, 2018లో థాయ్‌లాండ్‌లోనే థామ్ లువాంగ్ గుహలో 12 మంది పిల్లలూ వాళ్ల కోచ్‌ చిక్కుకున్నారు గుర్తుందా? అందరూ బతికారు. కానీ లోపల గాలి సిలిండర్లు పెట్టి తిరిగొస్తూ సమన్ గునన్ అని నేవీ సీల్‌లో చేసినాయన చనిపోయాడు. అది వరద నీటి గుహ, కో హాకీ దానికీ పోలిక లేదు. నేను చెప్పేది మనిషి గట్టివాడా కాదా అన్నది అక్కడ పనికిరాదని.

బల్లార్షా_బుల్లోడు | జనవరి 13, మధ్యాహ్నం 12:15

సరే తమ్ముడూ, ఒప్పుకున్నా. నా ఒక్క డైవ్‌లోనూ సగంసేపు కళ్లు మూసుకునే ఉన్నాను.

నీటిచెవి | బరంపురం | జనవరి 13, సాయంత్రం 6:40

ఇక్కడ మెడికల్ కాలేజీలో చెవి-ముక్కు-గొంతు పీజీ చేస్తున్నాను. గుహ సంగతి వాళ్లు చెప్పారు, చెవి సంగతి నేను చెప్తాను. జలుబు ఉంటే దిగొద్దు. ముక్కు మూసి గాలి ఊది చెవులు సరిచేసుకునే దారి వాచిపోయి ఉంటుంది. గట్టిగా ఊదితే కర్ణభేరి చిరగొచ్చు. ముక్కు తెరిపించే మందు వేసుకుని దిగేవాళ్లున్నారు. కింద ఉండగా మందు పవర్ అయిపోతే, పైకి వచ్చేటప్పుడు లోపల చిక్కిన గాలికి దారి ఉండదు. కప్పు కింద ఉన్నప్పుడు చెవి నొప్పొస్తే ఒక మీటరు పైకి జరగడానికి కూడా వీలు కాకపోవచ్చు. ఉబ్బసం ఉంటే ఫారంలో దాచకండి.

తిరుగు ఫ్లైట్ ఎప్పుడు? వరసగా కొన్ని రోజులు డైవ్ చేస్తే ఆఖరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. ఒంట్లో కరిగిన నైట్రోజన్ పూర్తిగా పోకుండా పైకెళ్తే బుడగలు కడుతుంది.

పట్టుదారం | జనవరి 13, రాత్రి 10:20

అమ్మో, ఆఖరి డైవ్‌కీ ఫ్లైట్‌కీ మధ్య 14 గంటలే పెట్టుకున్నాం! ఇప్పుడే షాపుకి రాసి మార్పించాను. ఆ మెసేజ్‌లోనే అడిగేశాను: మా ఇద్దరికీ ఒకే గైడ్ ఉంటారా, తలో టార్చ్ ఇస్తారా, ఎంత గాలి దగ్గర తిరుగుతాం, నేను వద్దంటే గైడ్ నాతో బయట ఉంటారా అని. ఈసారి నవ్వు బొమ్మ రాలేదు, పెద్ద జవాబే వచ్చింది. మనిషికో టార్చ్ ఇస్తారట. సిలిండర్ 120 బార్‌కి రాకముందే గుహలోంచి వచ్చేస్తామన్నారు. చిమ్నీ వద్దంటే "గుడ్" అన్నారు, అది నచ్చింది.

పిన్నీ, ఏం కనిపిస్తుందని అడిగారు కదా. లోపల కప్పుకి బొర్రాలోలా రాతి ఊడలు ఉంటాయట. నీళ్ల కింద అవెలా వచ్చాయో నాకూ తెలీదు.

లెక్కల_మాస్టారు | జనవరి 14, ఉదయం 6:05

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు. నా 55 నిమిషాలు వాపసు తీసుకుంటున్నాను. కెరటం బాబూ, మూడో వంతు లెక్క నిన్న నా మనవడికి చెప్పాను, సిలిండర్ బదులు చెరకు ముక్కలతో.

రాతి ఊడల సంగతి నేను చెప్పగలను. సున్నం కలిసిన నీటి చుక్క గాలిలో వేలాడి, కార్బన్ డయాక్సైడ్ వదిలి, సున్నాన్ని అంటించి పోతేనే అవి పెరుగుతాయి. నీళ్లలో మునిగి ఉంటే చుక్కే లేదు. కాబట్టి నీళ్ల కింద ఊడలు కనిపిస్తే ఒకప్పుడు ఆ గుహ పొడిగా ఉండేదని అర్థం. సుమారు 20,000 ఏళ్ల కిందట మంచుయుగంలో చాలా నీరు మంచుగా పేరుకుని సముద్రం ఇప్పటికంటే 120 మీటర్లు కిందికి ఉండేది. మంచు కరిగాక గుహలు మునిగాయి. బెలీజ్ దేశంలో గ్రేట్ బ్లూ హోల్ అని 300 మీటర్లు మించిన వెడల్పూ 124 మీటర్ల లోతూ ఉన్న గుండ్రటి గొయ్యి ఉంది. 1971లో జాక్ కూస్టో అని ఫ్రెంచ్ సముద్ర పరిశోధకుడు దిగి చూస్తే అందులోనూ ఇలాంటి ఊడలే.

ఛత్రపురం_పిన్ని | జనవరి 14, ఉదయం 8:30

మరి మన దగ్గర సముద్రంలో పగడాలెందుకు లేవు మాస్టారూ? ఇక్కడే ఉంటే పిల్లలు అంత దూరం పోనక్కర్లేదు కదా.

కెరటం_పిల్లోడు | జనవరి 14, మధ్యాహ్నం 3:00

అది నేను చెప్తా పిన్నీ. మహానది, రుషికుల్య, ఇటు గోదావరి, అన్నీ మన తీరంలోకే బురదా మంచినీళ్లూ తెచ్చి పోస్తాయి. పగడం అంటే రాయి కాదు, చిన్న జంతువు. దాని ఒంట్లో నాచులాంటి మొక్క ఉంటుంది, దానికి ఎండ కావాలి. మన గోపాలపూర్ నీళ్లలో వానాకాలం మోచెయ్యి ముంచితే వేళ్లు కనబడవు. మనకి తాబేళ్లు దక్కాయి, పగడాలు దక్కలేదు.

అక్కా, రెండు చిన్న మాటలు. లోపల నీటి పైకి తేలే చోటు ఉంది. తేలినా రెగ్యులేటర్ నోట్లోంచి తియ్యకండి, మూసిన చోట గాలి మంచిదో కాదో తెలీదు. ఇంకోటి, సన్‌స్క్రీన్ డబ్బా మీద చూడండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్నవాటిని 2021 నుంచి థాయ్ జాతీయ పార్కుల్లో నిషేధించారు. పగడం ముక్క ఒక్కటి కూడా సూట్‌కేసులో వేసుకోవద్దు. మన దేశంలో కూడా పగడాలకి పులికి ఉన్నంత రక్షణ ఉంది, వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో.

పట్టుదారం | బరంపురం | మార్చి 3, రాత్రి 9:15

వచ్చేశాం! అందరికీ రిపోర్టు.

నీటిచెవి గారూ, మా ఆయనకి రెండో రోజే జలుబు. మందేసుకుని దిగుతానన్నాడు. మీ పోస్టు చూపించాను. పడవలో కూర్చుని పుచ్చకాయ ముక్కలు తిన్నాడు, రెండు గంటలు నాతో మాట్లాడలేదు.

అలా గైడూ నేనూ ఇద్దరమే మిగిలాం. 14 మీటర్ల దగ్గర గుహ నోరు. నేననుకున్న బొరియ కాదు, మా ఇంటి పక్క కల్యాణ మండపం గేటంత ఉంది. అయినా గడప దగ్గర ఆగిపోయాను. గైడ్ కూడా ఆగి చేత్తో అడిగాడు, ఓకేనా అని. గేజ్ చూపించాను, 180. వెళ్దాం అన్నాను.

లోపల ముందు కనిపించింది చేపల తెర. అద్దంలా ఒళ్లు కనబడిపోయే చిన్న చేపలు, వేలల్లో. టార్చ్ వేస్తే మధ్యకి పాయ తీసినట్టు విడిపోయి, మా వెనక మళ్లీ కలిసిపోయాయి. కప్పు వైపు చూస్తే నా బుడగలు పాదరసం ఒలికినట్టు రాతికి అంటుకుని జారుతూ, సందు దొరికిన చోట పైకి పోతున్నాయి. వాటి తాకిడికి రాతి పొడి సన్నగా రాలుతోంది. నేను కదలకపోయినా నా ఊపిరే దుమ్ము లేపుతుందని ఎవరూ చెప్పలేదు. ఒక మూల లయన్ ఫిష్ తలకిందులుగా, దానికి కప్పే నేల అన్నట్టు. రాయగడ అన్నగారి ముళ్లు గుర్తొచ్చి చేతులు కట్టుకునే ఈదాను.

వెనక్కి తిరిగాను. నీలం కిటికీ. ఫొటోలో ఆ నీలం రాలేదు. తేలే చోటికి రమ్మని గైడ్ పైకి చూపించాడు. ఆ మూల నుంచి కిటికీ సగమే కనిపిస్తోంది. నేను తల అడ్డంగా ఊపి బొటనవేలితో బయటికి చూపించాను. ఆయన ఏమీ అనలేదు, ముందు నన్ను పంపి వెనక వచ్చాడు. అంటే పిన్నీ, ఊడలు నేను చూడలేదు. మీకోసం మళ్లీ వెళ్లాలి.

బయటికొచ్చేసరికి 150. లోపల ఉన్నది తొమ్మిది నిమిషాలు, నాకు అరగంటలా ఉంది. అమ్మకి నిన్న చెప్పాను. "మండపమంత గేటా, అయితే సరే" అంది.

ఛత్రపురం_పిన్ని | మార్చి 3, రాత్రి 9:40

అల్లుడి జలుబు తగ్గిందా?

లెక్కల_మాస్టారు | పర్లాకిమిడి | మార్చి 4, ఉదయం 6:10

తల్లీ, 30 బార్ ఇంటూ 11 లీటర్లు, 330. తొమ్మిది నిమిషాలకి భాగిస్తే 36.7. 14 మీటర్లలో ఒత్తిడి 2.4 రెట్లు, కాబట్టి ఒడ్డు లెక్కలో నిమిషానికి 15.3 లీటర్లు. నీ పోస్టు చదువుతూ ఆ గడప దగ్గర నేను అంతకంటే ఎక్కువే పీల్చాను.